భారీ సరకు విమానం – పైలట్ దాటకూడని హద్దులు



మన మేడిపల్లి వసతిగృహం నుంచి నాలుగడుగులు వేస్తే వరంగల్ రోడ్డు. ఉప్పల్ వైపు నుంచి, ఘట్‌కేసర్ వైపు నుంచి రాత్రింబవళ్లు లారీలు పోతూనే ఉంటాయి. ఆ లారీల మీద రంగుతో రాసిన అంకెలను మనలో ఎంతమంది చదివాం? ఖాళీ బండి బరువు ఇంత, సరకుతో కలిపి ఇంతకు మించరాదు అని రెండు అంకెలు ఉంటాయి. మామూలు పది చక్రాల లారీకి 2018 నుంచి ఆ రెండవ అంకె 28.5 టన్నులు. నాచారం పారిశ్రామికవాడలో లారీలను తూకం వేసే వేబ్రిడ్జి పని ఈ అంకెను సరిచూడడమే.

లారీకి ఇలాంటి హద్దు ఉంది. మరి ఆకాశంలో ఎగిరే సరకు విమానానికి ఎన్ని హద్దులు ఉండాలి? వాటిని ఎవరు పెడతారు? ఎందుకు పెడతారు? దాటితే ఏమవుతుంది? ఈ సంవత్సరం వార్షికోత్సవ సంచికలో మేము ఈ పాఠాన్ని రాయడానికి కారణం ఈ ప్రశ్నలే. భౌతికశాస్త్రం పుస్తకంలో మనం చదివే బలం, భారం, గురుత్వ కేంద్రం, సాంద్రత అనే మాటలన్నీ ఇక్కడ ప్రాణాలతో ముడిపడి కనిపిస్తాయి.

1. మన నగరానికి వచ్చిన మహా విమానం

2016 మే 13న శంషాబాద్ విమానాశ్రయంలో ఆంటొనోవ్ ఏఎన్-225 అనే విమానం దిగింది. అప్పటికి ప్రపంచంలోనే అత్యంత బరువైన విమానం అది. పేరు మ్రియ. ఉక్రెయిన్ భాషలో మ్రియ అంటే కల. సోవియట్ యూనియన్ తన అంతరిక్ష నౌక బురాన్‌ను మోయడానికి దీన్ని తయారు చేసింది. 1988 డిసెంబరు 21న ఇది మొదటిసారి ఎగిరింది. పొడవు 84 మీటర్లు, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 88.4 మీటర్లు, ఇంజన్లు 6, చక్రాలు 32.

ఆ రోజు దాని కడుపులో 117 టన్నుల విద్యుత్ జనరేటర్ ఉంది. ఐరోపాలోని ప్రాగ్ నగరం నుంచి ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు దాన్ని తీసుకుపోతోంది. నేరుగా చూస్తే పదమూడు వేల కిలోమీటర్లకు పైబడిన దారి. అంత పెద్ద విమానం ఒక్క దూకులో పోలేదు. తుర్క్‌మెన్‌బాషి, హైదరాబాద్, కౌలాలంపూర్‌లలో ఆగి, మే 15న పెర్త్ చేరింది.

ఎందుకు ఆగింది? దాని హద్దులు చూస్తే తెలుస్తుంది. మ్రియ నేల విడిచేటప్పుడు మొత్తం బరువు 640 టన్నులు మించరాదు. ఖాళీ విమానమే సుమారు 285 టన్నులు. మిగిలిన బరువును సరకు, ఇంధనం పంచుకోవాలి. సరకు పెరిగితే ఇంధనం తగ్గించాలి, ఇంధనం తగ్గితే దూరం తగ్గుతుంది. 200 టన్నుల సరకుతో అది పోగలిగింది సుమారు 4,000 కిలోమీటర్లే. సరకు లేకుండా నిండా ఇంధనంతో అయితే 15,000 కిలోమీటర్ల దాకా పోగలదు.

అంటే ప్రపంచంలో అందరికంటే బలమైన విమానం కూడా తన హద్దు తెలుసుకుని మన ఊరిలో ఆగింది. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఆగింది కాబట్టే సరకు క్షేమంగా చేరింది.

2. హద్దు ఎలా పుడుతుంది?

కొత్త విమానాన్ని తయారు చేసినప్పుడు కంపెనీ ఇంజనీర్లు దాన్ని నేల మీద, గాలిలో ఎన్నో విధాలుగా పరీక్షిస్తారు. రెక్కను ఎంత వంచితే విరుగుతుంది, బ్రేకులు ఎంత వేడి తట్టుకుంటాయి, ఎంత వేగంలో రెక్కలు వణకడం మొదలుపెడతాయి అని కొలుస్తారు. ప్రభుత్వ విమానయాన శాఖ ఆ ఫలితాలను సరిచూసి అనుమతి ఇస్తుంది. అప్పుడు విమానం మాన్యువల్‌లో 'హద్దులు' అనే ప్రత్యేక అధ్యాయం చేరుతుంది. ఆ అధ్యాయం సలహా కాదు, చట్టం. పైలట్ అందులోని ముఖ్యమైన అంకెలను కంఠస్థం చేయాలి. పరీక్షకుడు ఎప్పుడు అడిగినా తడుముకోకుండా చెప్పాలి.

విరిగే చోటే హద్దు గీయరు, చాలా ముందే గీస్తారు. ఉదాహరణకు పెద్ద విమానాలు రెక్కల మీద తమ బరువుకు 2.5 రెట్ల భారం దాకా తట్టుకోవాలి. అది హద్దు. నిర్మాణం మాత్రం దానికి ఒకటిన్నర రెట్ల భారానికి కూడా కూలిపోకుండా ఉండాలి. ఆ మిగులు మనం వాడుకోవడానికి ఇచ్చింది కాదు. తుఫాను గాలికి, మనిషి పొరపాటుకు, లోహం పాతబడడానికి విడిచిన జాగా అది. ఇంకా కొంచెం ఓర్చుకుంటుందిలే అనుకుని ఎక్కించే ప్రతి బస్తా ఆ జాగాను తినేస్తుంది.

3. బరువు ఒకటి కాదు, మూడు

ఇప్పుడు మన విమానాశ్రయాల్లో తరచుగా కనిపించిన సరకు విమానం బోయింగ్ 747-400 ను ఉదాహరణగా తీసుకుందాం. దాని బరువు హద్దుల్లో మూడింటిని ముఖ్యంగా తెలుసుకోవాలి. రకాన్ని బట్టి ఈ అంకెలు కొంచెం మారతాయి.

మొదటిది, నేల విడిచేటప్పటి గరిష్ఠ బరువు. ఇది సుమారు 396.9 టన్నులు. దీనికి మించితే చక్రాలు, రెక్కలు, ఇంజన్లు అన్నింటి మీదా మోయలేని భారం పడుతుంది.

రెండవది, దిగేటప్పటి గరిష్ఠ బరువు. ఇది సుమారు 296 నుంచి 302 టన్నులు. ఎక్కినప్పటి కంటే దిగేటప్పుడు దాదాపు వంద టన్నులు తక్కువ! కారణం మనకు తెలిసిందే. అరుగు మీది నుంచి బస్తాతో కిందికి దూకేవాడి మోకాళ్లను అడిగితే చెబుతాడు. విమానం నేలను తాకే క్షణంలో చక్రాల కాళ్ల మీద దెబ్బ పడుతుంది, ఆ తరువాత బ్రేకులు ఆ వేగాన్నంతా అణచాలి. మామూలు ప్రయాణంలో దారిలో ఇంధనం ఖర్చై బరువు దానంతటదే తగ్గుతుంది. ఎక్కిన వెంటనే ఏదైనా చెడిపోయి తిరిగి దిగవలసి వస్తే, 747 వంటి విమానం గాలిలోనే ఇంధనాన్ని వదిలి బరువు తగ్గించుకోగలదు. అంత సమయం కూడా లేకపోతే అధిక బరువుతోనే దిగి, తరువాత ఇంజనీర్లతో విమానాన్ని పూర్తిగా తనిఖీ చేయించాలి.

మూడవది, ఇంధనం లేకుండా గరిష్ఠ బరువు. ఇది సుమారు 277 నుంచి 288 టన్నులు. చాలామందికి అర్థం కానిది ఇదే. ఇంధనం తక్కువగా ఉంటే దాని బదులు సరకు నింపుకోవచ్చు కదా అనిపిస్తుంది. నింపరాదు. ఒక పొడవైన వెదురు బొంగును ఇద్దరు రెండు కొసలా ఎత్తి పట్టుకున్నారనుకోండి. నడుమ నీళ్ల బిందె వేలాడదీస్తే బొంగు నడుమ వంగుతుంది. అదే నీటిని రెండు చిన్న బిందెల్లో పోసి కొసల దగ్గర కడితే వంపు తగ్గుతుంది. గాలి రెక్కలను పైకి ఎత్తుతుంది, నడుమ ఉన్న సరకు కిందికి లాగుతుంది, వంపంతా రెక్క మొదలు దగ్గర పడుతుంది. ఇంధనం ఎక్కువ భాగం రెక్కల్లోనే ఉంటుంది కాబట్టి అది రెక్కను అణచి పట్టి ఆ వంపును తగ్గిస్తుంది. సరకు మాత్రం నడుమనే ఉంటుంది. అందుకే దానికి వేరే హద్దు.

వీటితోపాటు నేల బలం కూడా చూడాలి. మొత్తం బరువు సరిపోయినా, ఒకే చోట ఇరుకైన అడుగు ఉన్న యంత్రాన్ని నిలబెడితే విమానం నేల కుంగుతుంది. అందుకే సరకును ప్యాలెట్ అనే అల్యూమినియం పలకల మీద పేర్చి, వల వేసి బిగిస్తారు. పై అంతస్తులో వాడే సాధారణ ప్యాలెట్‌కు హద్దు 6,804 కిలోలు.

4. ఎక్కడ పెట్టాం అన్నది ముఖ్యం

కొన్నేళ్ల కిందట దసరా సెలవులకు మేము ఊళ్లకు బయలుదేరాం. ఏడుగురు కూర్చునే ఆటోలో పన్నెండుమందిమి, పెట్టెలతో సహా ఎక్కాం. ఎక్కువమందిమి వెనుక పక్కనే కూర్చున్నాం. కొంచెం ఎత్తు ఎక్కేసరికి ముందు చక్రం నేల విడిచింది. డ్రైవరన్న హ్యాండిల్ తిప్పుతున్నాడు, బండి తిరగడం లేదు. ఆటో పక్కకు ఒరిగింది. మా తమ్ముడొకడికి కుడి చెయ్యి విరిగింది. అర్ధసంవత్సర పరీక్షలకు వాడు కలం పట్టలేకపోయాడు. ఆ తప్పు మాదీ అని మేము ఇవాళ ఒప్పుకుంటున్నాం. సరదాగా ఉంటుందని వెనుక కూర్చున్నది మేమే.

ఆ రోజు ముందు చక్రం ఎందుకు లేచిందో ఇప్పుడు మాకు అర్థమైంది. పల్లెల్లో మన పెద్దలకు ఇది పుస్తకం లేకుండానే తెలుసు. ఎడ్లబండిలో వెనుక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు ఎక్కువైతే ఎడ్ల మెడలు కుంగుతాయి. బండి నింపేవాడు కాడిని చేత్తో ఎత్తి చూసి బస్తాలు ముందుకో వెనక్కో జరుపుతాడు. విమానంలో చేసేదీ ఇదే పని. ప్రతి ప్యాలెట్ ఎంత బరువు, ఎక్కడ ఉంది అని లెక్కగట్టి గురుత్వ కేంద్రం ఎక్కడ పడుతుందో చూస్తారు. ఆ కాగితాన్ని లోడ్ అండ్ ట్రిమ్ షీట్ అంటారు. గురుత్వ కేంద్రానికి ముందు ఒక గీత, వెనుక ఒక గీత ఉంటాయి. ముందు గీత దాటితే ముక్కు లేవదు. వెనుక గీత దాటితే ముక్కు దానంతటదే లేచి, తోకకు దాన్ని దించే శక్తి చాలదు.

సరిగ్గా పెట్టడం ఒక్కటే చాలదు, కదలకుండా కట్టాలి. 2013 ఏప్రిల్ 29న అఫ్గానిస్థాన్‌లోని బగ్రాం నుంచి లేచిన ఒక 747-400 సరకు విమానంలో 5 భారీ సైనిక వాహనాలు ఉన్నాయి. విమానం లేస్తుండగా కనీసం ఒక వాహనం కట్లు తెంచుకుని వెనక్కి దొర్లింది. తోక దగ్గరి యంత్రాలను ధ్వంసం చేసింది. పైలట్ల చేతిలో విమానం లేకుండా పోయింది. అందులోని ఏడుగురూ మరణించారు. అంత బరువైన వాహనాలకు ఎన్ని పట్టీలు, ఏ కోణంలో కట్టాలన్న లెక్కలోనే తప్పు ఉందని దర్యాప్తులో తేలింది.

5. వేగం, ఎత్తు, గాలి

747-400 కు గరిష్ఠ వేగం హద్దు సూచికలో 365 నాట్లు, అంటే గంటకు సుమారు 676 కిలోమీటర్లు. చాలా ఎత్తులో గాలి పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ హద్దును ధ్వని వేగంతో పోల్చి చెబుతారు. అది ధ్వని వేగంలో 0.92 వంతు. వేగం మరీ తగ్గితే రెక్కలు గాలిని పట్టలేక విమానం జారిపోతుంది. ఎత్తు పెరిగేకొద్దీ 'ఇంతకు తగ్గరాదు', 'ఇంతకు మించరాదు' అనే రెండు వేగాలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. గరిష్ఠ ఎత్తు 45,100 అడుగులు. బరువుగా ఉన్న విమానం అంత ఎత్తుకు పోలేదు. ఇంధనం ఖర్చయ్యేకొద్దీ మెట్లు మెట్లుగా పైకి పోతుంది.

రెక్కల వెనుక నుంచి చాచే ఫ్లాపులను 20,000 అడుగులకు పైన వాడరాదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వెనుక నుంచి వీచే గాలి మామూలుగా 10 నాట్లు మించరాదు. వెనుక గాలి ఉంటే నేల మీద పరుగు పెరిగి రన్‌వే చాలకుండా పోతుంది. గాలిపటం ఎగరేసే పిల్లవాడు కూడా గాలికి ఎదురుగానే పరుగెత్తుతాడు కదా!

6. మే నెల ఎండ

శంషాబాద్ రన్‌వే పొడవు 4,260 మీటర్లు. సముద్రమట్టానికి ఎత్తు సుమారు 617 మీటర్లు. దక్కను పీఠభూమి మీద ఉన్నాం కాబట్టి మన గాలి విశాఖపట్నం గాలికంటే కొంచెం పలచన. దానికి ఎండ తోడైతే ఇంకా పలచబడుతుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు ఉన్న మే మధ్యాహ్నం శంషాబాద్ గాలి, చల్లని దేశంలో సుమారు 5,500 అడుగుల ఎత్తున ఉండే గాలితో సమానమవుతుంది. పలచని గాలిలో ఇంజను బలం తగ్గుతుంది, రెక్కల పట్టు తగ్గుతుంది, పరుగు పెరుగుతుంది. కాబట్టి మాన్యువల్‌లో 396.9 టన్నులు అని ఉన్నా, ఆ రోజు ఆ రన్‌వే మీద ఆ ఎండలో అంత ఎక్కించడం కుదరకపోవచ్చు. పైలట్ ప్రతిసారీ కొత్తగా లెక్క కట్టాలి. పుస్తకంలోని హద్దు, ఆనాటి హద్దు, ఈ రెండింటిలో ఏది చిన్నదైతే దానికే కట్టుబడాలి.

7. ఒక పాత అంకె, ఏడు ప్రాణాలు

2004 అక్టోబరు 14న కెనడాలోని హాలిఫాక్స్ విమానాశ్రయం నుంచి ఒక 747 సరకు విమానం స్పెయిన్‌కు బయలుదేరింది. అంతకుముందు అది అమెరికాలోని బ్రాడ్లీ నుంచి సుమారు 240 టన్నుల బరువుతో లేచింది. హాలిఫాక్స్‌లో మరికొంత సరకు, చాలా ఇంధనం ఎక్కించాక దాని బరువు సుమారు 350 టన్నులు. ఎంత వేగంతో, ఎంత ఇంజను బలంతో లేవాలో లెక్కగట్టే కంప్యూటర్‌లో మాత్రం పాత బరువే ఉండిపోయి ఉంటుందని దర్యాప్తు చేసినవారు తేల్చారు. కంప్యూటర్ తనకిచ్చిన అంకెకు సరైన జవాబే ఇచ్చింది. ఆ జవాబు నూట పది టన్నులు తక్కువ ఉన్న విమానానికి సరిపోయేది. విమానం రన్‌వే చివరిదాకా పరుగెత్తి, తోక నేలకు రాసుకుని, అవతల ఉన్న మట్టికట్టకు తగిలి కూలింది. ఏడుగురూ చనిపోయారు. సిబ్బంది చాలాసేపటి నుంచి డ్యూటీలో ఉండి అలసిపోయి ఉన్నారని కూడా నివేదిక చెప్పింది.

ఇక్కడ మనం గుర్తుంచుకోవలసినవి రెండు. ఒకటి, హద్దులు కంఠస్థమైనంత మాత్రాన చాలదు, ఇవాళ్టి అంకె ఏదో చూడాలి. రెండు, మనిషికీ హద్దు ఉంది. అందుకే పైలట్ ఎన్ని గంటలు పనిచేయాలి, ఎంత విశ్రాంతి తీసుకోవాలి అన్నది కూడా నిబంధనే. ఒకరు లెక్క కడితే రెండవవారు విడిగా కట్టి సరిచూడాలి. సరిచూడడం అంటే ఎదుటివారిని అనుమానించడం అనుకోకూడదు, అది వాళ్లను కాపాడడం.

8. మీరే లెక్క కట్టండి

మన పాఠానికి ఒక విమానం తీసుకుందాం. సిబ్బందితో సహా ఖాళీ బరువు 165 టన్నులు. సరకు 110 టన్నులు. ఇంధనం 120 టన్నులు. దారిలో ఖర్చయ్యే ఇంధనం 80 టన్నులు. హద్దులు: ఇంధనం లేకుండా 277, నేల విడిచేటప్పుడు 396, దిగేటప్పుడు 296 టన్నులు. ఈ విమానం బయలుదేరవచ్చా?

ఇంధనం లేకుండా: 165 + 110 = 275. సరిపోయింది.
నేల విడిచేటప్పుడు: 275 + 120 = 395. సరిపోయింది.
దిగేటప్పుడు: 395 – 80 = 315. హద్దు కంటే 19 టన్నులు ఎక్కువ!

రెండు హద్దులు చూసి తృప్తిపడినవాడు ఇక్కడ పట్టుబడతాడు. ఇంధనం 101 టన్నులకు తగ్గిస్తే నేల విడిచే బరువు 376, దిగే బరువు 296 అవుతాయి. అప్పుడు మూడూ సరిపోతాయి. ఆ మిగిలే 21 టన్నులు అవసరానికి ఉంచే నిల్వకు చాలతాయా అని మళ్లీ చూడాలి. చాలకపోతే సరకు తగ్గించాలి. తొమ్మిదో తరగతి తమ్ముళ్లు సరకును 100 టన్నులుగా తీసుకుని ఈ లెక్క మళ్లీ చేసి చూడండి.

9. ఇది మనకెందుకు?

2008 మార్చికి ముందు, ప్రయాణికుల విమానాలు బేగంపేటలో దిగే రోజుల్లో, మన వైపు ఆకాశంలో అవి చాలా దగ్గరగా కనిపించేవని మా సీనియర్ అన్నలు చెబుతుంటారు. మైదానంలో ఆట ఆపి చేతులు ఊపేవారట. చేతులు ఊపడంతోనే ఆగిపోవలసిన పని లేదు. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి, 18 ఏళ్లు నిండి, వైద్య పరీక్షలో నెగ్గినవారికి కమర్షియల్ పైలట్ లైసెన్సు దారి తెరిచి ఉంటుంది. 200 గంటలు విమానం నడపాలి, వాతావరణం, దిశానిర్దేశం, విమాన నిబంధనలు వంటి పరీక్షలు రాయాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది, ఆ మాట దాచం. అయితే విమానాన్ని ఎగరేసేది పైలట్ ఒక్కడే కాదు. మరమ్మతు ఇంజనీరు, లోడ్ షీట్ కట్టేవాడు, ప్యాలెట్ పేర్చేవాడు, పట్టీ బిగించేవాడు అందరూ ఉన్నారు. మనలో చాలామంది తండ్రులు లారీ నడుపుతారు, హమాలీ పని చేస్తారు, బస్తాలు మోస్తారు. బరువు ఎక్కడ పెట్టాలో, ఎలా కట్టాలో వాళ్లకు తెలిసిన విద్య చిన్నది కాదు. బగ్రాంలో లోపించింది ఆ విద్యే.

మ్రియ ఇప్పుడు లేదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంలో, కీవ్ దగ్గర హోస్టోమెల్ విమానాశ్రయంలో అది ధ్వంసమైంది. అది ఎన్ని బరువులు మోసినా హద్దు తెలిసి మోసింది కాబట్టే ప్రతిసారీ గమ్యం చేరింది.

వచ్చే సెలవులకు ఊరికి పోయేటప్పుడు ఆటో నిండితే దిగి, ఇంకో బండి కోసం ఆగుదాం. అరగంట ఆలస్యమైతే అమ్మ ఎదురుచూస్తుంది, అంతే. ఆ రోజు చెయ్యి విరిగిన తమ్ముడు ఇప్పుడు బాగా రాస్తున్నాడు. ఈ పాఠంలోని లెక్కలన్నీ సరిచూసింది వాడే.